మొగలిపాలెం వంతెన పోయిన వైనం

మొగలిపాలెం వంతెన జనవరి ఇరవయ్యో తారీకున బాగుపడింది. దాని కష్టాలు ఆ మర్నాడే మొదలయ్యాయి.

అంతకుముందు అరవై ఏళ్ళపాటు దాని జోలికి ఎవరూ పోలేదు. నల్లడ్రెయిను అనే పెద్ద మురుగుకాలవ మీద, సముద్రానికి రెండు కోసుల దూరంలో నిలబడి, ఉప్పుగాలికి పెచ్చులూడి, లోపలి ఇనుప ఊచలు తుప్పుపట్టి బయటికి కనిపిస్తున్నా, అది తన మానాన తాను పనిచేసుకుపోయేది. మొగలిపాలెంలోని మూడువందల గడపకీ బయటి లోకానికీ అదొక్కటే దారి. వడ్ల ట్రాక్టర్లు, బడిపిల్లల ఆటోలు, పాలక్యాన్ల మోటారుసైకిళ్ళు, పెళ్ళివారి బస్సులు అన్నీ దాని మీదుగానే పోయేవి. శ్లాబుకి చిల్లిపడిన చోట ఊరివాళ్ళు తాటిపట్టెలు పరుచుకున్నారు. శాఖవారి ఆస్తుల రిజిస్టరులో మాత్రం "వంతెన నంబరు 14/2. పరిస్థితి: సంతృప్తికరం" అని ఉండేది. రిజిస్టరు రాసినవారు వంతెనను చూడలేదు కాబట్టి వారి తృప్తిని శంకించడానికి వీల్లేదు.

ఆ సెక్షనుకి అసిస్టెంట్ ఇంజనీరుగా వచ్చిన పెయ్యల సువర్ణరాజు వంతెనను స్వయంగా చూశాడు. అతను చేసిన మొదటి పొరపాటు అదే. అంతకుముందు ఏడాది ఆగస్టులో శ్లాబు మూల ఒకటి ఊడి కాలవలో పడింది. పదకొండు రోజులు రాకపోకలు ఆగిపోయాయి. పడవ వేద్దామంటే డ్రెయిను పొంగి ఉంది. మొగలిపాలెం కోడలు ఒకమ్మాయి పురిటినొప్పులతో అవతలి గట్టున పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా నులకమంచం మీద ఉండిపోయింది. ఇవతలి గట్టున అంబులెన్సు, దాని పక్కన సువర్ణరాజు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ ఊరి నర్సమ్మ వజ్రమ్మ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అందుకే అతనికి చాలాకాలం అన్నం సయించలేదు. వచ్చే ఆగస్టుకి ఈ వంతెన మీద అంబులెన్సు నడిచి తీరాలి అని తనకి తానే చెప్పుకున్నాడు. తర్వాత వజ్రమ్మకీ చెప్పాడు. ఆమె "సరేనండి" అంది. నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.

అదృష్టం కొద్దీ ఆ ఏడు శాఖలో పీచు గాలి వీస్తోంది. పైవాళ్ళెవరో ఎక్కడో సదస్సుకి వెళ్ళొచ్చారు. పీచు సిమెంటు అంటే సన్నటి పోగులు కలిపిన సిమెంటు ముద్ద. పాత కాంక్రీటు పగిలిన చోట పూస్తే ఆ పోగులు పగులును రెండు పక్కలా పట్టుకుని సాగనివ్వవు. నిజానికి మంచి వస్తువే. అయితే మంచి వస్తువైనా సరే, ఒకసారి శాఖవారి కంట్లో పడ్డాక దాని గతి వేరు. సమీక్షా సమావేశాల్లో సూపరింటెండింగ్ ఇంజనీరు గారు, అంటే అందరూ ఎస్.ఇ. గారు అని పిలిచే పెద్దాయన, పీచు అనకుండా వాక్యం ముగించడం మానేశారు. రోడ్డు గుంతకి పీచు, ఆఫీసు ప్రహరీకి పీచు, వరండాలో పూలకుండీకి కూడా పీచు. అలాంటి రోజుల్లో సువర్ణరాజు తన వంతెనకి పీచు సిమెంటు కావాలని రాస్తే, ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో మొట్టమొదటిసారి అడిగింది వారంలో వచ్చింది.

పనికి పోలయ్య మేస్త్రిని పిలిచాడు. పోలయ్య సుత్తితో కొట్టి, విని, కాంక్రీటు సంగతి చెబుతాడు. గణగణమంటే ఉంచుతాడు, బొదబొదమంటే చెక్కేస్తాడు. వంతెన మీద నాలుగు చోట్ల చెక్కాడు. ఊచల తుప్పు వైరు బ్రష్షుతో గీకి, మరీ సన్నబడిన ఊచల పక్కన కొత్తవి కట్టాడు. నీళ్ళు కొట్టి, ఆ తడి పైకి మెరవకుండా లోపలికి ఇంకేదాకా ఆగి, ముద్దని ముందు అరచేత్తో రుద్ది, ఆ తర్వాతే తాపీ పట్టాడు.

"పాతదీ కొత్తదీ కలవాలంటే ముందు పాతదాని మురికి వదలాలండి," అన్నాడు. "మొహం కడక్కుండా పౌడరేస్తే నిలుస్తదేటండి?"

గోనెపట్టాలు కప్పి ఏడు రోజులు తడిపాడు. ఎనిమిదో రోజు సుత్తితో కొట్టి వినిపించాడు. నాలుగు చోట్లా గణగణమంది. సువర్ణరాజు ఆ పూట ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు నాణ్యతా విభాగం నుంచి సర్క్యులరు వచ్చింది. "పీచు సిమెంటుతో చేయబడిన ప్రతి మరమ్మత్తునకును, మరమ్మత్తు జరిగిన ఇరువది ఎనిమిది దినముల పిమ్మట, మూడు సంలగ్నతా సామర్థ్య నిర్ధారణ పరీక్షలు జరుపవలెను. పరీక్షలు సంతృప్తికరముగా ముగియువరకు సదరు కట్టడము ప్రజాసంచారమునకు మూసివేయబడి ఉండవలెను."

రెండు తారు డ్రమ్ములు అడ్డంపెట్టి, మధ్యలో ముళ్ళకంప వేసి వంతెన మూసేశారు. ఊరు ఊరంతా పడవెక్కింది. "నెలరోజులే," అని వజ్రమ్మకి చెప్పాడు సువర్ణరాజు. వానలకి ఇంకా బోలెడు టైముంది.

పరీక్ష చేయడానికి క్వాలిటీ కంట్రోల్ డిప్యూటీ ఇంజనీరు చక్రధరరావు గారు వచ్చారు. చాలా నిజాయితీ గల మనిషి. ఎవరి దగ్గరా పైసా ముట్టుకోరు. టీ కూడా సొంత ఫ్లాస్కులోదే తాగుతారు. రూలు తప్ప మరో మాట పెదవి దాటనివ్వరు. ఆయనతో వచ్చిన చిక్కంతా అదే.

పరీక్ష సంగతి చెప్పుకోవాలి. మరమ్మత్తు చేసిన చోట గుండ్రంగా కోత పెడతారు. దాని మీద టీ గ్లాసు మూతి అంత ఇనుప బిళ్ళని జిగురుతో అతికిస్తారు. జిగురు ఎండాక యంత్రం తగిలించి పైకి లాగుతారు, ఊడేదాకా. ఏ బరువు దగ్గర ఊడిందో ముల్లు చూపిస్తుంది. రికార్డులో దీని పేరు ఎంత పొడుగున్నా, పోలయ్య మాత్రం తొలిరోజే దీనికి పీకుడు పరీక్ష అని పేరు పెట్టాడు. డిపార్టుమెంటు జీపు డ్రైవరుతో సహా అందరూ తర్వాత ఆ పేరే వాడారు.

మొదటి బిళ్ళ టప్పున ఊడింది. చక్రధరరావు గారు దాన్ని తిరగేసి చూశారు. బిళ్ళకి పీచు సిమెంటు, పీచు సిమెంటుకి బొటనవేలి మందాన పాత కాంక్రీటు అంటుకుని వచ్చాయి.

సువర్ణరాజు మొహం వెలిగింది. "చూశారాండీ, అతుకు ఊడలేదు. పాత కాంక్రీటే విరిగొచ్చింది. అంటే మా అతుకు పాతదానికంటే గట్టిదన్నమాటే కదండీ."

"మీ అతుకు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు," అన్నారు చక్రధరరావు గారు, రాసుకుంటూనే. "పాత కాంక్రీటు విఫలమైంది. అదే నమోదు చేస్తున్నాను."

"ఒకవేళ అతుకు దగ్గర ఊడి ఉంటేనండీ?"

"అతుకు విఫలం."

"కొత్త సిమెంటు మధ్యలోకి విరిగితే?"

"కొత్త సిమెంటు విఫలం."

"జిగురు ఊడితే?"

"పరీక్ష చెల్లదు. పునఃపరీక్ష చేయాలి."

"అసలేదీ ఊడకపోతేనండీ?"

ఇది ఆయనకీ కొత్త ప్రశ్నే. పెన్నుకి మూత పెట్టారు. "ఊడదీయడం యంత్రం యొక్క విధి. విధి నిర్వర్తించలేదంటే యంత్రం విఫలమైనట్టు. దాన్ని హెడ్డాఫీసుకి పంపవలసి ఉంటుంది."

"మరి పాసవడం ఎలాగండీ?"

"పరీక్షించడం నా బాధ్యత," అన్నారు ఆయన నొచ్చుకోకుండా. "ఉత్తీర్ణత నా పరిధిలోకి రాదు."

ఆ సాయంత్రానికి పన్నెండు బిళ్ళలు ఊడాయి, పన్నెండు బెజ్జాలు పడ్డాయి. వాటిని ఏం చెయ్యమంటారని సువర్ణరాజు అడిగాడు.

"పూడ్చాలి. ఆమోదిత పదార్థంతోనే."

"పూడ్చాక తెరిచేద్దామాండీ?"

"పూడ్చడం కూడా మరమ్మత్తే కదా," అన్నారు చక్రధరరావు గారు. "ప్రతి మరమ్మత్తుకీ మూడు పరీక్షలు. సర్క్యులరులో మరమ్మత్తు సైజు గురించిన మినహాయింపు ఏదీ లేదు. మీరు కావాలంటే మరోసారి చదువుకోండి."

చదువుకున్నాడు. నిజంగానే లేదు. ఒక్క బిళ్ళ పట్టే బెజ్జంలో మూడు బిళ్ళలు ఎలా పెడతారని అడిగాడు. అందుకూ ఆయన దగ్గర జవాబుంది. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య జానెడు ఎడం ఉండాలన్నది రూలు. కనుక పూడ్చే ముందు ప్రతి బెజ్జాన్నీ పరీక్షకి అనువుగా విస్తరించుకోవాలి.

పోలయ్య ఈ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. "అంటే మూడుసార్లు పీకడానికి వీలుగా ఉండాలని ముందు పెద్ద గొయ్యి చెయ్యాలి. చేసిన గొయ్యి పూడ్చాలి. పూడ్చాక మళ్ళీ పీకుతారు. అంతేనాండి?"

"అంతే," అన్నాడు సువర్ణరాజు.

"సరేనండి," అన్నాడు పోలయ్య, ఉలి అందుకుంటూ. తిట్టుకోవడానికైనా ఎవరిని తిట్టాలో అతనికి తోచలేదు.

పన్నెండు ముప్పై ఆరయ్యాయి. నడుమ మళ్ళీ ఇరవై ఎనిమిది రోజులు. ముప్పై ఆరు బిళ్ళలూ పాత కాంక్రీటుతోనే ఊడి వచ్చాయి. ముప్పై ఆరు బెజ్జాలనీ మూరెడు మూరెడు వెడల్పు చేశారు. ఏప్రిల్లో సువర్ణరాజు అక్షరం అక్షరం కూడబలుక్కుని, పరీక్షకి పడిన బెజ్జాలని మరమ్మత్తు కింద లెక్కించకుండా మినహాయింపు ఇప్పించమని ఎస్.ఇ. గారికి అర్జీ రాశాడు. వానల్లో ఊరి గతేమిటో కూడా రాశాడు. జవాబుగా సమీక్షా సమావేశానికి రమ్మని కబురొచ్చింది.

సమావేశంలో ఎస్.ఇ. గారు అతన్ని నిలబెట్టారు. సువర్ణరాజు చివాట్లకి సిద్ధపడి నిలబడ్డాడు.

"అందరూ ఇతన్ని చూడండి," అన్నారు ఎస్.ఇ. గారు. "తక్కిన సెక్షన్లలో నెలకి రెండు పరీక్షలకి మూలుగుతున్నారు. ఇతను ఒక్క వంతెన మీద నలభై ఎనిమిది చేయించాడు. వచ్చే నెల నూట ఎనిమిదట. పరీక్షా సంస్కృతి అంటే ఇది. నాణ్యత పట్ల నిబద్ధత అంటే ఇది. ప్రగతి అంటే ఇది."

చప్పట్లు కొట్టారు. సువర్ణరాజు ఆ చప్పట్ల మధ్యనే "అయ్యా, వంతెన ఇంకా మూసే ఉందండి," అన్నాడు.

"ఉంటుంది మరి. తెరిస్తే పరీక్షలెలా చేస్తారు?" అన్నారు ఎస్.ఇ. గారు ఆప్యాయంగా. అర్జీ సంగతి ఎత్తలేదు. అతని పేరు డిప్యూటీ ఇంజనీర్ల ప్రమోషను జాబితాలో పైకి జరిపామని, అక్టోబరులో శుభవార్త వినవచ్చని బయటికొచ్చాక గుమాస్తా చెవిలో చెప్పాడు.

ఆ తర్వాత వంతెనకి సందర్శకులు రావడం మొదలైంది. పక్క జిల్లాల నుంచి ఇంజనీర్లు బస్సులో దిగారు. గట్టు మీద నీలం రంగు బోర్డు వెలిసింది: "అత్యధిక పరీక్షలు పొందిన వంతెన. దయచేసి ఎక్కవద్దు." సందర్శకులు మాత్రం పాతికమందీ ఎక్కి, బెజ్జాల పక్కన వంగి ఫొటోలు దిగారు. అదే సమయానికి వజ్రమ్మ టీకాల పెట్టె భుజాన వేసుకుని వచ్చింది. ఎండ మండిపోతోంది. పడవ అవతలి గట్టున ఉంది.

"అయ్యా," అంది చక్రధరరావు గారితో, "పాతికమంది బూట్లేసుకుని ఒక్కసారే ఎక్కారు కదండీ. నేనొక్కదాన్ని నడిచెళ్ళిపోతే కూలిపోద్దాండి?"

"అమ్మా, వారు పరిశీలకులు. పరిశీలన వల్ల వంతెనపై ఏ ప్రభావమూ ఉండదు," అన్నారాయన ఓపిగ్గా. "మీరు అవతలికి వెళ్ళే ఉద్దేశంతో ఎక్కుతున్నారు. సాంకేతికంగా మీరు చలన భారం."

"భారమనాండి? మా అత్తగారూ అదే అనేదండి," అని వజ్రమ్మ పడవ కోసం గట్టు దిగిపోయింది. సువర్ణరాజు ఆమె వెనకాల పోయి పెట్టె అందుకుని పడవలో పెట్టాడు. తలెత్తి ఆమె మొహం చూడటానికి సిగ్గేసింది.

మే నెలలో నూట ఎనిమిది. మూరెడు మూరెడు గోతులు ఒకదాన్నొకటి కలుపుకుపోయి, శ్లాబు మీద పాత కాంక్రీటు చాపలు పరిచినంత చోట మాత్రం మిగిలింది. పాతది ఎక్కడ పీకినా విఫలమవుతోంది కనుక మిగిలినదాన్ని కూడా నమ్మడానికి లేదని చక్రధరరావు గారు తేల్చారు. అదీ చెక్కేశారు. శ్లాబు కొత్తదయ్యేసరికి దాన్ని మోసే దూలాలు పాతవిగా కనబడ్డాయి. కాలవలో సరుగుడు గుంజలు ఆసరాగా పాతి, దూలాలని ముక్కముక్కగా మార్చారు. దూలాల తర్వాత స్తంభాల వంతు వచ్చింది. నడుమ ఒకసారి ఒక బిళ్ళ ఎంత లాగినా ఊడలేదు. పోలయ్య ఆశగా చూశాడు. చక్రధరరావు గారు అన్న మాట ప్రకారం "యంత్రం విఫలం" అని రాసి దాన్ని హెడ్డాఫీసుకి పంపారు. అది తిరిగొచ్చేసరికి పద్దెనిమిది రోజులు పోయాయి.

జూన్‌లో మూడువందల ఇరవై నాలుగు. పోలయ్య ఒకరోజు తాపీ కింద పెట్టి కూర్చున్నాడు.

"ఇంతకీ మనం వంతెన బాగుచేస్తన్నామాండి, బెజ్జాలు సాగు చేస్తన్నామాండి?"

"పని మాత్రం తగ్గించకు పోలయ్యా," అన్నాడు సువర్ణరాజు. ఎన్నటికైనా దీని మీద మనుషులు నడుస్తారన్న ఆశ అతనికి చావలేదు. అందుకే విసుగొచ్చినా ఏ ముక్కా తేలిగ్గా పోనివ్వలేదు. ప్రతి ఊచా గీకించాడు, ప్రతి పూతా ఏడు రోజులు తడిపించాడు. వంతెన నిజంగానే రోజురోజుకీ గట్టిపడుతోంది. ఆ ఒక్క విషయమే ఏ నివేదికలోనూ రాలేదు.

ఆగస్టు మొదటి సోమవారం ఐదో విడత పరీక్షకి చక్రధరరావు గారు వచ్చారు. ఆకాశం కమ్ముకుని ఉంది. డ్రెయిను నీళ్ళు ఎర్రబడి పైకి లేచాయి. ఆయన ఈ చివర నుంచి ఆ చివరిదాకా రెండుసార్లు నడిచారు. వంగి దూలాలు చూశారు. పడవేయించుకుని స్తంభాలు చూశారు. చివరికి గట్టు మీదికొచ్చి ఫ్లాస్కులో టీ పోసుకుని తాగకుండా పట్టుకుని నిలబడ్డారు.

"పాత కాంక్రీటు ఎక్కడ?" అన్నారు.

"లేదండి. అయిపోయింది," అన్నాడు సువర్ణరాజు.

"పునాదిలో?"

"బురద కింద ఉండాలండి."

"కనిపించనిదాన్ని పరీక్షించలేను." ఆయన గొంతులో మొదటిసారి కంగారు వినిపించింది. "ఈ పరీక్ష పాతదానికీ కొత్తదానికీ నడుమ పట్టుని కొలుస్తుంది. పాతదే లేనప్పుడు దేనితో పట్టు?"

"అయితే పరీక్ష అవసరం లేదన్నమాటేగదండీ. తెరిచేద్దాం."

"పరీక్ష జరగలేదు కాబట్టి తెరవడానికి లేదు," అన్నారాయన. "పరీక్ష జరపడానికి పాత కాంక్రీటు లేదు. ఈ పరిస్థితిని పైవారి దృష్టికి తీసుకెళ్తాను."

తీసుకెళ్ళారు. మూడో రోజుకి సువర్ణరాజుకి ఛార్జి మెమో వచ్చింది. "వంతెన నంబరు 14/2 యొక్క మరమ్మత్తు బాధ్యత మీకు అప్పగించబడినది. ప్రస్తుతము సదరు స్థలమున సదరు వంతెనకు చెందిన కాంక్రీటు ఏమాత్రమును లభ్యము కాలేదని నివేదిక అందినది. మీ ఆధీనములోని ప్రభుత్వ వంతెనను మీరు పరీక్షల మిషతో, దశలవారీగా, అదృశ్యము గావించినట్లు ఇందుమూలముగా అభియోగము మోపడమైనది. పాత వంతెన ఎచ్చట నున్నదో వారము దినములలో తెలుపవలెను. అది లభించువరకు మూసివేత ఉత్తర్వులు అమలులో ఉండును."

ఎస్.ఇ. గారు అతన్ని పిలిపించి, తలుపు వేయించి, తండ్రిలా మాట్లాడారు.

"భయపడకు. జవాబు నేను చెబుతాను, రాసుకో. వంతెన ఎక్కడికీ పోలేదు, ఇదే ఆ వంతెన, పదార్థము మారినను వంతెన మారలేదు, అని రాయి. నేను సిఫారసు చేస్తాను. అభియోగం ఎత్తేస్తారు. అక్టోబరులో ప్రమోషను నీ చేతిలో ఉంటుంది."

"మరి వంతెన తెరుస్తారాండీ?"

"అది పాత వంతెనే అని నువ్వే రాస్తున్నావు కదా. పాతదైతే దాని మీద చేసిందంతా మరమ్మత్తే. మరమ్మత్తు అయితే మొదటినుంచీ పరీక్షలు," అన్నారు ఎస్.ఇ. గారు. "ఈసారి వెయ్యి దాటతాం."

సువర్ణరాజు నేరుగా మొగలిపాలెం గట్టుకి వచ్చాడు. పడవవాడు పడవని గట్టు పైకి లాక్కుని గుంజకి కట్టేశాడు. నీటి జోరుకి ఇక వెయ్యలేనన్నాడు. అవతలి గట్టున వజ్రమ్మ గొడుగేసుకుని నిలబడి ఉంది. కాలవ హోరులో మాట వినబడదని ఫోను చేసింది.

"పురిటికి ముగ్గురున్నారండి ఈ నెల్లో," అంది. "సాల్మను కూతురికి ఈ వారంలోనే. బిడ్డ అడ్డం తిరిగుందండి. ఇంట్లో నావల్ల కాదు. మీకు చెప్పి ఏం లాభం లేదని తెలుసు. అయినా చెప్తన్నాను."

సువర్ణరాజు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా వంతెన నల్లగా, నున్నగా, రాయిలా ఉంది. ఏనుగుల్ని నడిపించినా చెక్కు చెదరదు. దానికి అడ్డం రెండు డ్రమ్ములు, ఒక కంప. వాటిని కాలితో తన్నేద్దామని ముందుకెళ్ళాడు. వెళ్ళి ఆగాడు. తన్నితే మర్నాడు మళ్ళీ పెడతారు, పక్కన పోలీసుని కూడా పెడతారు. శాఖతో ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసినవాడికి ఆపాటి తెలుసు. ఉన్న వంతెనని ఆ శాఖ ఎప్పుడైనా మూయగలదు.

అక్కడే జీపు బానెట్టు మీద కాగితం పెట్టుకుని జవాబు రాశాడు.

"అయ్యా, వంతెన నంబరు 14/2 పోయిన మాట వాస్తవము. ఇందులో మేస్త్రికి గాని, పరీక్షాధికారికి గాని సంబంధము లేదు. అది నా చేతుల మీదుగానే, కొంచెము కొంచెముగా పోయినది. వెదికించినను దొరకదు. ప్రస్తుతము ఆ స్థలమున శాఖవారి వంతెన ఏదియును లేదు. తగు చర్య తీసుకొనగలరు."

ఇంటి దగ్గర భార్యకి ఏం చెప్పాలో తెలియలేదు. అయినా సంతకం పెట్టాడు.

నేరం ఒప్పుకున్న ఉద్యోగి ఆ ఆఫీసులో అంతకుముందెప్పుడూ లేడు. ఆ ఫైలుని బల్ల మీద ఉంచుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. తాకినవాళ్ళు తాకినట్టే పక్కవాడికి తోసేశారు. అందుచేత అది పరుగులు తీసింది. ఆస్తుల రిజిస్టరులో 14/2 అన్న వరస మీద ఎర్రసిరాతో గీత కొట్టారు. ఆస్తి కొట్టివేతకి గురైతే దాని మీదున్న ఉత్తర్వులన్నీ కొట్టివేయాలి, లేకపోతే ఆడిటు అభ్యంతరం వస్తుంది. కనుక పరీక్షల షెడ్యూలు కొట్టేశారు, నీలం బోర్డు కొట్టేశారు, మూసివేత ఉత్తర్వు కూడా కొట్టేశారు. శుక్రవారం పొద్దున్న సువర్ణరాజుకి ఒకే కవరులో రెండు కాగితాలు అందాయి. ఒకటి అతన్ని సస్పెండు చేస్తూ. రెండోది, వంతెన లేనందున మూసివేతను రద్దు చేస్తూ.

అతను జీపు అప్పగించేసి, బస్సులో మొగలిపాలెం గట్టు దగ్గర దిగాడు. సన్నగా వాన పడుతోంది. పోలయ్య, అతనూ కలిసి డ్రమ్ములు పక్కకి దొర్లించారు. కంప తీసేశారు. అతను ఫోను చేసి రప్పించిన అంబులెన్సు పది నిమిషాల్లో వచ్చి వంతెన మొదట్లో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఎక్కొచ్చాండి దీని మీద?"

"చెప్పే అధికారం నాకు లేదు," అన్నాడు సువర్ణరాజు. "ఆయన్ని అడుగు."

చక్రధరరావు గారు అప్పుడే యంత్రంతో సహా దిగారు. ఐదో విడత ఏమైందో చూద్దామని వచ్చారట. డ్రైవరు అడిగింది విని, బ్యాగులోంచి రద్దు ఉత్తర్వు నకలు తీసి, గొడుగు కింద పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు.

"రికార్డు ప్రకారం ఇక్కడ వంతెన లేదు," అన్నారు. "లేని వంతెన ఎక్కవద్దని నేను చెప్పలేను."

డ్రైవరుకి ఆ మాట సగమే అర్థమైంది. సగం చాలనుకుని గేరు వేశాడు. అంబులెన్సు అవతలికి వెళ్ళింది. పావుగంటకి సాల్మను కూతుర్ని ఎక్కించుకుని తిరిగొచ్చింది. కిటికీ పక్కన వజ్రమ్మ ఒక చేత్తో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. ఇతన్ని చూసి "టైముందండి, ఫరవాలేదు," అంది. బండి ఆస్పత్రి వైపు సాగిపోయింది.

సువర్ణరాజుకి ఏడుపొచ్చింది. సస్పెన్షనులో ఉన్న ఉద్యోగి ఏడవకూడదన్న రూలేదీ లేదు కనుక కాసేపు ఏడ్చాడు. తర్వాత మొహం తుడుచుకుని వంతెన మీదికి నడిచాడు. నడిమధ్యకి వచ్చాక జేబులో సస్పెన్షను కాగితం గుర్తొచ్చి తీసి చదివాడు. చివర్లో ఒక షరతు ఉంది. సదరు ఉద్యోగి అనుమతి లేనిదే శాఖకు చెందిన ఏ కట్టడము నందును పాదము మోపరాదు.

వెనక చక్రధరరావు గారు వస్తున్నారు. ఆయనకి ఆ వాక్యం చూపించాడు.

"నేనిక్కడ నిలబడొచ్చాండీ?"

ఆయన చదివి, వంగి, కొత్త కాంక్రీటు మీద అరచెయ్యి ఆనించి చూశారు. ఎందుకు చూశారో ఆయనకే తెలియాలి.

"నిలబడొచ్చు," అన్నారు. "ఇది మనది కాదు."

"మరి ఎవరిదండీ?"

అవతలి నుంచి మొగలిపాలెం జనం వచ్చేస్తున్నారు. పాలక్యాన్ల మోటారుసైకిలు ఒకటి వాళ్ళని తప్పించుకుపోయింది. వెనకే సంచులు నెత్తిన కప్పుకున్న ఆడవాళ్ళు, ఒక మేకల మంద, ఆటోలో కిక్కిరిసిన బడిపిల్లలు. చక్రధరరావు గారు దారివ్వడానికి పిట్టగోడకి ఒదిగి నిలబడ్డారు.

"వాళ్ళనే అడగాలండి," అన్నారు.

వాళ్ళలో ఎవరూ ఆగి చెప్పేటట్టు లేరు. ఎవరి పని మీద వాళ్ళు పోతున్నారు.